కప్‌కేకుల మీద క్రీమ్: మా అమలాపురం ఎండకి ఏది నిలబడింది, ఏ సామాను పనికొచ్చింది

ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, కప్‌కేకులు చేయడం చేతికి వచ్చేసింది. పొంగుతాయా, పైన పగులుతాయా అన్న టెన్షన్ ఇప్పుడు లేదు. అందుకే ఈ వేసవి అంతా పైన వేసే క్రీమ్ మీదే పడ్డాను. చాలామంది ముందు క్రీమ్‌ని పువ్వుల్లా పిండే నాజిల్స్ కొనేసి, ఐసింగ్ సంగతి తర్వాత చూసుకుంటారు. మా కోనసీమలో అది కుదరదు. ఈ ఎండకీ ఉక్కకీ ఏ క్రీమ్ ఆగుతుందో తేలాకే, దానికి కావలసిన సామాను కొనుక్కోవాలి.

మొదట బటర్ ఐసింగ్. 100 గ్రాముల ఉప్పు లేని వెన్నకి 200 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి), ఒక చెంచా పాలు. రుచికి దీన్ని మించింది లేదు. కానీ వెన్న 32 డిగ్రీలు దాటితే కరగడం మొదలెడుతుంది, మేలో మా వంటిల్లు అంతకంటే వేడిగా ఉంటుంది. వెన్నలో సగం తీసేసి వనస్పతి వేస్తే నిలబడుతుంది గానీ, తిన్నాక నాలుకంతా జిడ్డు. నాకు నచ్చలేదు. ఐసింగ్ షుగర్ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఈ తేమకి గడ్డలు కడుతుంది. ప్రతిసారీ సన్న జల్లెడ పట్టాల్సిందే, లేకపోతే ఆ గడ్డే నాజిల్‌లో ఇరుక్కుంటుంది.

తర్వాత పెట్టెల్లో ఫ్రోజెన్‌గా వచ్చే విప్పింగ్ క్రీమ్. ఇది పాల మీగడ కాదు, పామ్ నూనె రకాలతో చేసింది. అందుకే పాల క్రీమ్ కంటే ఎండకి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. తొందరపడి బయట పెట్టి కరిగిస్తే పైన నీళ్లలా, అడుగున మంచులా ఉంటుంది, గిలక్కొట్టినా సరిగ్గా పొంగదు. స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు కూడా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టాలి. మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యస్థంగా కొట్టాలి. బీటర్ ఎత్తితే మొన నిటారుగా నిలిచి, చివర మాత్రం కొంచెం వంగితే చాలు. అక్కడ ఆపకపోతే విరిగిన పాలలా పలుకులు కడుతుంది. మాకు ఏసీ పడగ్గదిలోనే ఉంది, కాబట్టి క్రీమ్ పని మొత్తం అక్కడే. "వంట మంచం దాకా వచ్చేసిందేంటమ్మాయ్" అంటూనే అత్తయ్యగారు తలుపు వేసి చల్లదనం పోకుండా కాపలా కాస్తారు.

ఫ్రిజ్‌లో పెట్టే వీలు లేని ఫంక్షన్లకి మాత్రం గనాష్, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత. 200 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్ తురుముకి 100 గ్రాముల ఫ్రెష్ క్రీమ్. క్రీమ్‌ని అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడిచేసి తురుము మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, మధ్యలోంచి కలపాలి. చల్లారి చిక్కబడ్డాక పూస్తే నున్నగా వస్తుంది. మా చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో పండుతుంది. ఆ గింజలు ఎక్కడికో పోతాయి, మేం కొనేది కోకో వెన్న బదులు వేరే కొవ్వు వేసిన కాంపౌండ్! ఎండలో పనికొచ్చేది అదే కాబట్టి సరిపెట్టుకుంటున్నాను.

ఫాండెంట్ (పంచదారతో చేసే ముద్ద) జోలికి పోలేదు. ఈ గాలికి చెమటపట్టి చేతికంటుకుంటుంది.

ఇక సామాను. రాజమండ్రిలో ఒక కొట్టుకి వెళ్తే "సెట్టు తీసుకోండి మేడమ్, టర్న్ టేబుల్ కూడా వస్తుంది" అన్నారు. అంటే కేక్ పెట్టి తిప్పే పీట. కప్‌కేక్‌ని చేత్తోనే తిప్పుకోవచ్చు, దానికి టర్న్ టేబుల్ ఎందుకు? ఆ సెట్లలో చాలా నాజిల్స్ అక్షరాలు రాసే సన్నవి, కప్‌కేక్ మీద వాటితో పువ్వు రాదు. విడిగా రెండే కొన్నాను. నక్షత్రంలా పళ్లున్న 1ఎమ్ నంబరుది, దానికి తోడు పళ్లు లోపలికి వంగిన 2డి. 1ఎమ్‌ని అంచు నుంచి లోపలికి తిప్పుతూ ఎత్తితే మెలిక, మధ్య నుంచి బయటికి తిప్పితే గులాబీ. ఈ పెద్ద నాజిల్ చిన్న కప్లర్‌కి (నాజిల్ బిగించే ప్లాస్టిక్ ముక్కకి) పట్టదు, నేరుగా క్రీమ్ నింపే కవర్లోనే వేయాలి. కవర్ కొన కోసేటప్పుడు నాజిల్‌లో మూడో వంతే బయటికి కనబడాలి. ఎక్కువ కోస్తే నొక్కగానే నాజిల్ ఊడి కేక్ మీద పడుతుంది.

12 అంగుళాల వాడి పారేసే కవర్లే నాకు నచ్చాయి. గుడ్డ సంచులు మా తేమకి త్వరగా ఆరవు, పుల్లటి వాసన వస్తాయి. పొడవాటి స్టీలు గ్లాసులో కవర్ నిలబెట్టి, అంచుని గ్లాసు బయటికి మడిచి, సగం వరకే క్రీమ్ నింపాలి. నిండుగా నింపితే అరచేతి వేడికి చివరి పువ్వులు జారిపోతాయి. అందుకని రెండు కవర్లు నింపుకుని, ఒకటి వాడుతుంటే ఇంకొకటి ఫ్రిజ్‌లో ఉంచుతాను. పని అయ్యాక నాజిల్స్ కడిగి, తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. లేకపోతే నాసిరకం వాటికి అతుకు దగ్గర తుప్పు పడుతుంది.

రంగులు జెల్ రకమే వాడాలి. నీళ్ల రంగు వేస్తే క్రీమ్ పల్చబడుతుంది. ఎరుపు కావాలంటే చాలా రంగు పోయాలి, చేదొస్తుంది. గులాబీ రంగుతో ఆపేస్తున్నాను. పైన ఎండు కొబ్బరి తురుము చల్లితే అందం, రుచి రెండూ. పచ్చి కొబ్బరి మాత్రం సాయంత్రానికే వాసన పట్టేస్తుంది.

మొన్న మేనకోడలి పుట్టినరోజుకి రాజోలు తీసుకెళ్లాను. థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐస్ ప్యాకులు, మీద కప్‌కేకులు మఫిన్ ట్రేలోనే పెట్టి కారులో పట్టుకెళ్లాం. విప్పింగ్ క్రీమ్‌వి చెక్కుచెదరలేదు. "అత్తా, నాకు గులాబీది" అని పిల్ల ముందే చెప్పేసి పట్టుకుపోయింది. ధనుర్మాసం చలి మొదలయ్యాక బటర్ ఐసింగ్ మళ్లీ పట్టుకుంటాను. రేకలు చేసే 104 నాజిల్ ఇప్పటికే కొని పెట్టాను.