పటంలో పొద, ఉదయగిరిలో దేవదారి

డిసెంబరు మొదటి వారంలో నెల్లూరు నుంచి ఉదయగిరి వెళ్లవలసిన రోజున మాకు చెప్పిన జీపు రాలేదు. పటాల చుట్టను చంకన పెట్టుకొని బస్సెక్కితే కండక్టరు ఆ చుట్టకు కూడా లగేజీ టికెట్టు కొట్టాడు. బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటి ఆత్మకూరు వచ్చేదాకా సీటు దొరకలేదు. దొరికాక పక్కనున్న పెద్దాయన చుట్టవైపు చూస్తూ, "ఏంది సార్ అది, మళ్లా పొలాలు కొలవను వస్తన్నారా?" అని భయంగానే అడిగాడు. రీసర్వే చూసిన ఊళ్లవారికి పటమంటే ఆ భయం సహజమే. ఇది పొలాల పటం కాదు, చెట్ల పటమని చెబితే, "చెట్లకి పటమెందుకు, తలెత్తితే కనపడతాయి గదా" అన్నాడు.

నేను ఆయనకు చెప్పిన జవాబునే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తాను. మేము సరిచూస్తున్నది ఇప్పుడు కంటికి కనిపించే చెట్ల పటం కాదు. గొడ్డలి, నాగలి, మేకల మంద ఏవీ తాకకపోతే ఒక నేలలో ఏయే చెట్లు కలిసి నిలుస్తాయో, మిగిలిన అడవి ముక్కలను, వానను, ఎత్తును, మట్టిని కలిపి చూసి అంచనా కట్టిన పటం. ఇథియోపియా నుంచి జాంబియా వరకు 7 ఆఫ్రికా దేశాలకు ఇటువంటి పటాన్ని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం, నైరోబీ కేంద్రంగా పనిచేసే ప్రపంచ వ్యవసాయ అటవీ సంస్థ, ఆయా దేశాల వృక్షశాస్త్రజ్ఞులు కలిసి తయారుచేశారు. తన గట్టుమీద ఏ స్థానిక వృక్షం బతుకుతుందో అక్కడి రైతు దాని నుంచి తెలుసుకోగలడు. మన దగ్గర కూడా 1955లో ఏర్పడిన పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్, భారత వ్యవసాయ పరిశోధన మండలితో కలిసి ఇలాంటి పటాలను గీసింది. అయితే వాటిలో ఒక సెంటీమీటరు అంటే నేలమీద 10 కిలోమీటర్లు. నా బొటనవేలు పెడితే ఉదయగిరి దుర్గం మొత్తం దాని కిందికి వచ్చేస్తుంది. అందువల్ల పాత పటాన్ని, ఉపగ్రహ చిత్రాలను, కాలినడకన చూసినదాన్ని ఒకచోటికి తేవడమే మా పని. ఉపగ్రహ చిత్రాలు చదివే అమ్మాయి హైదరాబాదు నుంచి, వృక్షశాస్త్రజ్ఞుడు పుదుచ్చేరి నుంచి, మట్టి పరీక్షించే ఆయన బాపట్ల నుంచి వచ్చారు. చెట్ల తెలుగు పేర్లు తెలుసునని నన్ను చేర్చుకున్నారు.

మొదటి రెండు రోజులు వానలోనూ, ఆటోవాళ్లతో బేరాలలోనూ పోయాయి. నాలుగు కిలోమీటర్ల దూరానికి 700 రూపాయలు అడిగితే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. మూడో రోజున దుర్గం కింది వాలులో, పటంలో "క్షీణించిన పొద" అని రాసి ఉన్నచోట, 20 మీటర్ల చదరానికి తాడు కట్టాము. పైపైన చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది: బలుసు, పరికి, వాక, మోకాలెత్తు ముళ్లు. కానీ తాడు లోపల వంగి వెతికితే కొట్టివేసిన మోళ్లు 11 కనిపించాయి. ప్రతి మోడు చుట్టూ వేలి లావున పిలకలు లేచి ఉన్నాయి. ఆకు మెత్తగా, లేతగా, అడుగున తెల్లబారినట్టు ఉంది. పుదుచ్చేరి ఆయన శాస్త్రీయ నామం వెంటనే చెప్పాడు. నాకు మాత్రం ఇక్కడివాళ్లు ఏమంటారో తెలియాలి. ఒక ఎండుపుల్లను జేబులో పెట్టుకొని ఊళ్లోకి దిగాము.

ఉదయగిరి కొయ్య గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి తెలిసిందే. ఒక ఇంటి అరుగుమీద యాభై ఏళ్లు దాటిన ఆమె కాలి వేళ్ల మధ్య చెంచా కాడను బిగించి ఆకురాయితో నునుపు చేస్తున్నది. నేను పుల్ల చూపించి, "ఇదేమి చెట్టు, అమ్మా?" అన్నాను. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు. గోటితో బెరడు గీరి, ముక్కు దగ్గర పెట్టుకొని, "దేవదారి సార్" అంది. తరువాత తన ముందున్న కుప్పలోంచి మూడు ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. ఒకటి ఎర్రని గోధుమరంగులో, రుద్దితే గంధంలా వాసన వేసేది, దేవదారి. ఒకటి పసుపు కలిసిన తెలుపు, పోగు కనపడనంత సన్ననిది, బిక్కి. మూడోది నర్ది. దేనితో చిన్న చెంచా చేస్తారో, దేనితో గరిటె చేస్తారో, ఏది వేడికి పగులుతుందో, ఆమె చేతులు ఆగకుండానే చెప్పింది.

"మా అమ్మ కాలంలో పొద్దున పోయి మధ్యాన్నానికి కట్టె దెచ్చేవాళ్లు. ఇప్పుడు మోపు తెచ్చేవాళ్లు ఎంతంటే అంత ఇచ్చుకోవాల," అంది. కొంతసేపటికి, "ఆ కాయితంలో మా కొండని ఏమని రాసినారు?" అని అడిగింది. నేను దాచకుండా చదివి వినిపించాను. ఆమె ఆకురాయి పక్కన పెట్టింది. "పొదా? పొదైతే మేమెట్ట బతికినాం సార్?"

ఆ రాత్రి లాడ్జీలో పొద్దుపోయేదాకా వాదన జరిగింది. ఉపగ్రహ చిత్రంలో ఒక్కొక్క చుక్క 23.5 మీటర్ల చదరమని, మేము తాడు కట్టిన నేల ఒక్క చుక్కలో ఇమిడిపోతుందని, అందులోని మోడు, పిలక ఆకాశంలోంచి కనపడవని హైదరాబాదు అమ్మాయి చెప్పింది. ఆమె మాట సరైనదే, అందుకే మేము నడిచాము. చివరికి ఆ గుర్తుకు "దేవదారి–బిక్కి అడవి, మోళ్ల నుంచి చిగురిస్తున్నది" అని రాసి, మా పత్రంలో చెట్టు స్థానిక నామానికీ, దానితో బతికేవారి పనికీ రెండు కొత్త గడులు చేర్చాము. క్షీణించిందని రాసిన నేలను ఏదో ఒక తోట వేసి బాగుచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చిగురిస్తున్నదని రాస్తే కొంతకాలం కాపాడి చూడాలనిపిస్తుంది. ఒక్క మాటకు ఇంత బరువు ఉంటుందని నేను అంతకుముందు ఆలోచించలేదు.

దేవదారిని కొండమీద కాపాడాలంటే కింద పొలాల గట్లమీద కూడా నాటుకోవాలి. వ్యవసాయ అడవులకు, అంటే పంటతో పాటు పొలాల్లో చెట్లు పెంచడానికి, 2014లోనే మన దేశం జాతీయ విధానం తెచ్చుకున్నది. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన రెండు నర్సరీలలో ఆగి దేవదారి మొక్క అడిగాను. రెండుచోట్లా జామాయిలు, సరుగుడు, ఎర్రచందనం చూపించారు. దేవదారి పేరే వారు వినలేదు. చాలా బాధ కలిగింది.

సింగరాయకొండ దగ్గర మా ఊరిలోనూ అంతే. నా చిన్నప్పుడు గట్లమీద పాల, బిల్లుడు చెట్లు ఉండేవి; పసుపుపచ్చని పాలపండ్లు తిని పెదవులు బంకతో అతుక్కుంటే అమ్మ నూనె రాసి తుడిచేది. ఇప్పుడు ఆ పొలాలన్నీ సుబాబులే. ఫ్రెంచివారి పటంలో మన కోరమాండల్ తీరపు అడవికి పాల, బిల్లుడు చెట్ల పేరే పెట్టారని పుదుచ్చేరి ఆయన చెప్పినప్పటి నుంచి నాకు ఇంటికి చేరాలన్న ఆత్రం పెరిగింది. మరునాడు పోలేరమ్మ గుడి వెనుక మిగిలిన ఒక్క పాలచెట్టుకు టేపు చుట్టాను. చుట్టుకొలత 2 మీటర్ల 14 సెంటీమీటర్లు. పత్రంలోని కొత్త గడిలో "పండ్లు పిల్లలు తింటారు" అని రాసి, దాని పక్కన మా ఊరి పేరు రాశాను.