శనివారం, టైర్ల దగ్గర

సోమవారం తెల్లవారుజామున శ్రీశైలం బయల్దేరుతున్నాం. తమ్ముడి కొడుక్కి పుట్టువెంట్రుకలు. తమ్ముడు బెంగళూరు నుంచి నేరుగా అక్కడికి వస్తాడు. మా కారులో అమ్మ, నాన్న, మరదలు, చంటివాడు, స్టీరింగ్ దగ్గర నేను. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దోర్నాల దాటితే నల్లమల ఘాట్. అక్కడ చాలాచోట్ల ఫోన్ కూడా పనిచేయదు. చంటిబిడ్డతో ఆ అడవిలో బండి ఆగితే ఎట్టా అన్న టెన్షన్ వారం నుంచీ ఉంది. అందుకే ఈ రోజంతా టైర్లతోనే సరిపోయింది.

నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆరింటికల్లా నన్ను లేపాడు. గాలి చూడాల్సింది బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. నాలుగు వీధులు తిరిగి బంకుకి వెళ్ళి చూస్తే వేడికి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, మనం సరిపోయిందిలే అనుకుంటాం. గేజ్ పెట్టి చూస్తే ముందు రెండూ 30, 31. వెనక కుడివైపు 30. వెనక ఎడమవైపు 22. కంటికి మాత్రం నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి! వేసవి సెలవులు కదా, నెల రోజులుగా బండి షెడ్డులోనే ఉంది, నేను పట్టించుకోలేదు.

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. మా కారుకి ముగ్గురెక్కితే 30, మనుషులూ సామానూ నిండుగా ఉంటే వెనక 36 అని ఉంది. అంటే కావలసిన దాంట్లో మూడోవంతుకు పైగా తక్కువన్నమాట. గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ పక్కలు నలుగుతాయి, నలిగినకొద్దీ వేడెక్కుతుంది. అసలే రోళ్ళు పగిలే రోహిణి కార్తె. ‘గాలి ఎక్కువై పేలిన టైరు నేను చూసింది తక్కువమ్మా, తక్కువై పేలినవే ఎక్కువ’ అన్నాడు నాన్న.

నేను రోజూ వెళ్ళొచ్చే స్కూలు చీమకుర్తిలో. ఆ దారిలో గ్రానైట్ లారీల నుంచి రాలిన పలుకులు టైరు గాళ్ళలో ఇరుక్కుంటాయి. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కొక్కటీ పెళ్ళగించాను. నల్లటి పలుకులు, లోపల సన్నటి రాగి రంగు చుక్కలు. వెనక ఎడమ టైరులో అలాంటిదే ఇంకొకటి మెరిసింది. అది రాయి కాదు, అరిగి అద్దంలా తేలిన మేకు తల. పీకబోతుంటే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. పీకితే ఉన్న గాలీ పోతుంది, షాపు దాకా కూడా వెళ్ళలేం.

కాస్త గాలి కొట్టుకుని మూలమీది పంక్చర్ షాపుకి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మేకు తీసి అతుకు వేస్తుంటే, ‘ఎట్టాగూ వచ్చాం, స్టీరింగ్ ఈ చివరికి తిప్పి లోపలివైపు చూడు’ అన్నాడు నాన్న. ముందు టైర్ల గురించి నాకు ధీమాగా ఉంది. గాళ్ళలో అడ్డంగా చిన్న గట్లుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. పై రబ్బరు అరిగి వాటి మట్టానికి దిగితే టైరు పని అయిపోయినట్టే. మావి దానికి రెట్టింపు పైనే ఉన్నాయి. అయినా మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ టైరు లోపలి పక్కన చెయ్యి పెట్టి తడిమాను. నిమ్మకాయంత బొప్పి తగిలింది.

కడుపులో తిప్పినట్టయింది. వానల్లో ఒక గుంటలో పడి చక్రం దబ్బుమన్న రోజు గుర్తొచ్చింది. అప్పుడే లోపలి దారాలు తెగి ఉంటాయట, ఇప్పుడక్కడ గాలిని ఆపుతున్నది పై రబ్బరొక్కటే. ‘దీనికి అతుకు లేదక్కా, మార్చాల్సిందే’ అన్నాడా అబ్బాయి. బయటి వైపు మచ్చ కూడా లేదు. రోజూ కడిగినా నాకు కనపడేది కాదు.

రెండు కొత్త టైర్లు కొన్నాం. కొట్టతను మొదట తెచ్చిన వాటి మీద 3122 అని ఉంది. అంటే 2022లో 31వ వారం తయారీ. ‘స్టాకు కొత్తదే మేడం, ఒక్కసారి కూడా వాడలేదు’ అన్నాడు. వాడకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది కదా! వద్దన్నాను. అరగంట కూర్చోబెట్టి వేరే జత తెప్పించాడు. డబ్బు మనం ఇస్తున్నాం, ఆ నాలుగంకెలు చదవకుండా టైరు బిగించనివ్వకూడదని నా పట్టు.

కొత్తవి వెనక వేస్తానన్నాడతను. బస్సుకి మంచివన్నీ ముందే వేసేవాళ్ళమని నాన్న ఒప్పుకోలేదు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి నిలదొక్కుకోవచ్చు, వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుందని అతను వివరంగా చెప్పాక సరేనన్నాడు. వెనక కుడివైపుది ముందుకొచ్చింది, మేకు దిగినది స్టెప్నీ అయింది. పాత స్టెప్నీలో గాలి 12 పాయింట్లే ఉంది, అంచంతా బీటలు. దాన్ని అక్కడే వదిలేశాం. అలైన్‌మెంటు కూడా చేయించాం.

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న నా చేత జాకీ, వీల్ స్పానర్ తీయించి, ‘ఒక చక్రం నట్లు వదులు చెయ్యి చూద్దాం’ అన్నాడు. కొట్లో మిషన్‌తో బిగించిన నట్లు. బలమంతా పెట్టినా కదల్లేదు, స్పానర్ మీద కాలేసి నిలబడినా కదల్లేదు. పెరట్లోంచి మూరెడు ఇనుప పైపు తెచ్చి స్పానర్ చివరికి తొడిగాడు. ఈసారి కిర్రుమని తిరిగింది. నాలుగూ వదులు చేసి, ఎదురెదురు వరసలో మళ్ళీ బిగించాను. అడవిలో ఆ పని మొదటిసారి చేయాల్సి వస్తే ఏడ్చేదాన్ని. పైపు, జాకీ, స్పానర్ డిక్కీలో సామాను మీద, చేతికందేలా ఉంటాయి. పులిహోర డబ్బాలకి చోటెక్కడని అమ్మ అడిగింది, కాళ్ళ దగ్గర పెట్టుకుందామన్నాను.

రేపు పొద్దున ఐదింటికీ గాలి చూడాలి. అతుకేసిన స్టెప్నీలో ఈ రాత్రికి 36 ఉంది. పొద్దుటికి ఎంత నిలుస్తుందో.