మంట తగ్గిందని సంబరపడ్డాను

2022 ఆషాఢ చతుర్దశి నాడు సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. కొండ కింద మొదటి మెట్టైన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పులు అక్కడే వదిలేసి, మా తోడల్లుడితో కలిసి సాయంత్రం బయలుదేరాను. హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, ఇసుకతోట, ఎన్‌ఏడీ మీదుగా మా గోపాలపట్నం వచ్చేసరికి తెల్లవారింది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు మా తోడల్లుడు, దారిలో మూడుసార్లు అరుగుల మీద కూలబడి పాదాలు ఒత్తుకున్నాడు. నాకు ఒక్కసారి కూడా కాలు నొప్పి తెలియలేదు. 54 ఏళ్ళ వయసులో ఇంత ఓపిక ఇచ్చాడు అప్పన్న అని దారి పొడుగునా దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు మా ఆవిడ ఇల్లు తుడుస్తూ పిలిచింది. "ఏవండీ, ఈ మరకలేంటి?"

మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా తెల్ల టైల్స్ మీద అడుగుకొకటి చొప్పున రూపాయి బిళ్ళంత మరకలు. ఎండి గోధుమరంగులోకి తిరిగాయి. కుర్చీలో కూర్చోబెట్టి నా కుడికాలు ఎత్తి చూసింది. బొటనవేలి పక్క వేలి కింద, ఆనెకాయ కట్టిన చోట, కొబ్బరి పెంకు ముక్క దిగబడి ఉంది. చిటికెన వేలి గోరంత ముక్క. తొలి పావంచా దగ్గర ఆ రోజు కొట్టే కాయలకు లెక్క ఉండదు, అక్కడే గుచ్చుకుని ఉంటుంది. అంటే దాని మీదే కొండంతా చుట్టి వచ్చానన్నమాట. ఆవిడ పట్టకారుతో లాగుతుంటే ఎవరి కాలో చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం ఏమీ తెలియలేదు.

అప్పటికి షుగరు వచ్చి పదకొండేళ్ళు. మొదట్లో మాత్రలు బాగానే వేసుకున్నాను. ఆరో ఏట అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి, తర్వాత మంట. పగలు కిరాణా కొట్లో పని మీద ఉంటే తెలిసేది కాదు. రాత్రి పడుకుంటే మాత్రం నిప్పుల మీద కాళ్ళు పెట్టినట్టుండేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. తడి తువ్వాలు చుట్టుకుని, కాళ్ళు మంచం బయట పెట్టుకుని పడుకున్న రాత్రులు ఎన్నో. ఎవరో చెబితే పొడపత్రి ఆకు కషాయం మొదలుపెట్టాను. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి మంట మెల్లగా తగ్గింది. ఒకరోజు చూసుకుంటే అసలు లేదు.

నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద పొరపాటు ఆ రోజు సంబరపడటం. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ కషాయం సంగతి చెప్పాను. షుగరు కూడా దిగిపోయి ఉంటుందని మాత్రలు సగానికి తగ్గించాను. రక్త పరీక్ష చేయించి రెండేళ్ళు దాటినా దిగులు పడలేదు. కాళ్ళలో నరాలు చచ్చిపోతున్నప్పుడే మంట పుడుతుందని, పూర్తిగా చచ్చాక మంట కూడా పోతుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. బాగున్నప్పుడు డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు?

పెంకు తీశాక చేసినవి ఇంకా ఘోరం. పసుపు అద్దాను. వేపాకు వేసి మరిగించిన నీళ్ళతో కాపడం పెట్టుకున్నాను. వేడి తెలియలేదు కాబట్టి చల్లారాయనుకున్నాను. సాయంత్రానికి మడమ మీద బొబ్బలు లేచాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని, మాత్రలు తెచ్చుకుని, పన్నెండు రోజులు కొట్లో నిలబడ్డాను. పదమూడో రోజు చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పుతుంటే వచ్చిన వాసనకి మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, ఇంకొక్క మాట మాట్లాడకుండా ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో షుగరు 380 ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 11.6. వేలు నల్లబడింది. ఎక్స్‌రేలో ఎముక అంచు చెదలు తిన్న కర్రలా కనిపించింది, చీము ఎముక దాకా పాకింది. కాలికి రక్తం సరిగ్గా వెళుతోందో లేదో డాప్లర్ పరీక్షలో చూశారు, వెళుతోంది. అదొక్కటే నా అదృష్టం.

మా అమ్మాయి వయసుండే డాక్టరమ్మ ఒకావిడ చిన్న ప్లాస్టిక్ పిడికి అమర్చిన నైలాన్ దారం తెచ్చింది. వంగేటప్పుడు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట దానితో. "కళ్ళు మూసుకోండి బాబాయ్ గారూ, తగిలినప్పుడల్లా చెప్పండి" అంది. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ తగలడం లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో, అవతల ఎవరితోనో మాట్లాడుతోందేమో అనుకున్నాను. కళ్ళు తెరిస్తే దారం నా అరికాలి మీద వంగి ఉంది. రెండు కాళ్ళూ పూర్తి చేసిందట అప్పటికే. కాగితం మీద రెండు పాదాల బొమ్మ గీసి ఉంది, చుక్క పెట్టిన ప్రతిచోటా ఇంటూ మార్కు.

వేలు తీసేస్తామన్నప్పుడు కూడా నేనంత కదిలిపోలేదు. ఆ కాగితం చూసినప్పుడు ఏడ్చాను.

ఆపరేషన్ అయ్యాక గాయానికి కుట్లు వేయకుండా వదిలేశారు, అడుగు నుంచి కండ పట్టుకుంటూ రావాలని. ఇన్సులిన్ మొదలైంది. సూదికి అలవాటు పడితే జన్మలో వదలదని అంతకుముందు తప్పించుకు తిరిగేవాణ్ణి. మా ఆవిడ రెండు రోజుల్లో నేర్చుకుని పొట్ట మీద వేసేది. మాంసం ముద్దలా ఎర్రగా ఉన్న ఆ గుంటలో రోజూ గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టేది కూడా ఆవిడే.

కాలు నేల మీద ఆనించకూడదన్నారు. మందులు మింగడం కన్నా అదే కష్టమైంది నాకు. నొప్పి ఉంటే కుంటుతాం, కుంటితే గాయానికి విశ్రాంతి దొరుకుతుంది. నాకు నొప్పి లేదు, కుంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరూ చూడకుండా బాత్రూంకి నాలుగడుగులు, తలుపు తీయడానికి రెండడుగులు. ఐదు వారాలకు పూడుకొచ్చిన గాయం మళ్ళీ నోరు తెరిచింది. డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ పుండుకి మందు నేను రాసేది కాదు బాబాయ్ గారూ, దాని మీద బరువు పడకుండా మీరు చూసుకోవడం" అని మోకాలి కింద నుంచి పాదం దాకా పిండికట్టు వేయించింది. అప్పుడు మానింది. అంతా కలిపి ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ మా అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి కొట్లో కూర్చుంది. ఆ పిల్ల చేజార్చుకున్న ప్రమోషన్ సంగతి నాకు ఏడాది తర్వాత, వేరేవాళ్ళు చెబితే తెలిసింది.

చివరికి ఎంసీఆర్ చెప్పులు రాశారు, మెత్తటి నల్ల రబ్బరు అట్టతో చేసేవి. వీటిని కుష్ఠు రోగులకు ఇచ్చేవారు కదా అని కాస్త నొచ్చుకుంటూ అడిగాను. "అవును, వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాం" అంది డాక్టరమ్మ. 1946లో వెల్లూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ సంగతి చెప్పింది. కుష్ఠు రోగుల వేళ్ళు రోగం వల్ల వాటంతటవే రాలిపోతాయని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, అవి పోయేది స్పర్శ లేక తగిలించుకున్న దెబ్బల వల్లా కాలిన గాయాల వల్లా అని ఆయన గమనించాడట. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మంటతో మేలుకున్న పాత రాత్రులు గుర్తొచ్చాయి. ఎంత తిట్టుకున్నానో ఆ మంటని! కుక్క మొరుగుతోందని విసుక్కుని, అది చచ్చాక హాయిగా పడుకున్నవాణ్ణి నేను.

పోయిన స్పర్శ తిరిగి రాలేదు, రాదన్నారు. ఇప్పుడు షుగరు అదుపులో ఉంది, హెచ్‌బీఏ1సీ 7 దగ్గర. రోజూ పడుకోబోయే ముందు గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను, వేళ్ళ సందులు కూడా. చెప్పులు వేసుకునే ముందు తిరగేసి దులుపుతాను. నీళ్ళ వేడి మా ఆవిడ మోచేత్తో చూశాకే పోసుకుంటాను. గుడికి వెళితే మేజోళ్ళతో వెళ్తున్నాను. అప్పన్న ఏమీ అనుకోడు.

2024 ఆషాఢంలో కొట్టు ముందు బల్ల వేసి, ప్రదక్షిణ చేసేవాళ్ళకి మజ్జిగ పోశాం. తెల్లవారుజామున యాభై ఏళ్ళ మనిషొకాయన కొడుకుతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కొడుకు కాళ్ళు పట్టుకుని మూలుగుతున్నాడు. ఈయన రెండు గ్లాసులు గటగటా తాగి, "నాకైతే ఏమీ తెలీలేదండీ, ఇంకో చుట్టు తిరగమన్నా తిరుగుతాను" అన్నాడు.

"షుగరుందా తమ్ముడూ?"

"ఉందండి, తొమ్మిదేళ్ళయింది."

మజ్జిగ గరిటె మా ఆవిడ చేతికిచ్చి కింద కూర్చున్నాను. ఆయన కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "అయ్యో, పెద్దవారు, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటండీ!"

"ఫరవాలేదు, ఇలా పెట్టు" అని ఫోన్లో టార్చి వేశాను.