బొమ్మ రైలు మీద టార్పాలిన్

సోమవారం, రాత్రి పదిన్నర.

తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చేసరికి సన్నగా వాన పడుతోంది. ఆషాఢం కాబట్టి మా వీధి చివర అమ్మవారి గుడికి నిన్న కట్టిన వేపమండల తోరణాలు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నగర శివారులోని మా పార్కుకు ఆరింటికల్లా చేరాలి. ఆ వేళకు మెయింటెనెన్స్ వాళ్లమంతా లాగ్‌బుక్కులు తీసుకుని రైడ్లు పంచుకుంటాం. పదకొండింటికి గేటు తెరిచేలోపు ప్రతి రైడూ మొదట ఖాళీగా, ఆ తర్వాత ఇసుక బస్తాల బరువుతో తిరిగి చూపించాలి. ఇరవై రెండేళ్లుగా నా పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఈ రోజుకు ఉన్న తేడా అల్లా మధ్యాహ్నం మూడింటికి పెట్టిన బడ్జెట్ మీటింగ్ ఒక్కటే.

ఉదయం నా వంతుకు బొమ్మ రైలు వచ్చింది. ఇంజిన్‌ను మొదటి పెట్టెతో కలిపే డ్రాబార్ దగ్గర నాలుగు రోజులుగా ఏదో చిన్న చప్పుడు వస్తోందని దాన్ని నడిపే అన్న చెబుతున్నాడు. బయటికి ఏమీ కనిపించడం లేదు కాబట్టి డీపీ టెస్టు, అంటే రంగు ద్రవంతో పగుళ్లను పట్టే పరీక్ష, చేద్దామనుకున్నాం. వెల్డింగ్ అతుకు మీది రంగును, గ్రీజును శుభ్రంగా గీకి, తుడిచి, ఎర్రటి ద్రవాన్ని స్ప్రే చేసి పావుగంట ఆగాం. ఆ తర్వాత పైపైన ఉన్న ఎరుపునంతా గుడ్డతో తుడిచేసి తెల్లటి డెవలపర్ కొట్టాం. సున్నం వేసిన గోడలా తెల్లగా మారిన ఆ ఇనుము మీద మొదట ఏమీ లేదు. చూస్తూ ఉండగానే అతుకు పక్కన, అంచు నుంచి లోపలికి, వెంట్రుకంత సన్నని ఎర్ర గీత ఊరుతూ పైకి వచ్చింది. పగుళ్లలోకి ఇంకిన ద్రవాన్ని ఆ తెల్లటి పొడి పైకి పీల్చుకుంటుంది. కంటికి కనిపించని పగులు అలా తనంతట తానే బయటపడుతుంది. పొడవు బొటనవేలి గోరంత కూడా లేదు. అయినా అది పగులే. లాగ్‌బుక్కులో ‘రైలు నిలిపివేయాలి, డ్రాబార్ అతుకు తిరిగి వెల్డింగ్ చేసి మళ్లీ పరీక్షించాలి’ అని రాసి సంతకం పెట్టాను. మంచి వెల్డర్ వస్తే అది ఒక్క రోజు పని.

పదకొండున్నరకు నల్లగొండ వైపు నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లలు రెండు బస్సుల్లో వచ్చారు. వానాకాలంలో ఇలాంటి బస్సు వచ్చిందంటే మాకు పండుగే. చిన్న రోలర్ కోస్టర్ దగ్గర 120 సెంటీమీటర్ల గీత గీసిన ఎత్తు పలక ఉంటుంది. తల ఆ గీతను తాకని పిల్లలను ఎక్కించకూడదు. నడుముకు అడ్డంగా పడే కడ్డీ పెద్ద పిల్లల శరీరానికి తగ్గట్టు చేసినది, చిన్నవాళ్లు దాని కిందనుంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. రెండు జడలకూ రిబ్బన్లు కట్టుకున్న ఒక పాప మునివేళ్ల మీద నిలబడి కూడా గీతకు అందలేదు. ఆపరేటర్ ఆ పాపను పక్కకు తీసుకుని, రోజూ చెప్పే అలవాటు కొద్దీ, “నువ్వు రైలెక్కు తల్లీ, గా చెట్ల నడుమ నుంచి పోతది” అన్నాడు. పాప పరుగెత్తుకుంటూ వచ్చి, రైలు దగ్గర నిలబడిన నన్ను అడిగింది: “అంకుల్, రైలు ఎప్పుడు పోతది?” ఈ రోజు పోదమ్మా అని చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. తల ఊపి, బెంచీ మీద కూర్చుని, తోటి పిల్లలు కోస్టర్ మీద కేకలు పెడుతుంటే చూస్తూ ఉండిపోయింది.

మా పార్కులో ఆ రైలు ఎవరి కోసం ఉందో ఆ బెంచీని చూస్తే తెలుస్తుంది. ఎత్తు చాలని పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మనవళ్ల వెంట వచ్చిన నాయనమ్మలు, గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఎత్తంటే భయపడేవాళ్లు, వీళ్లందరికీ టికెట్ డబ్బుకు దక్కేది ఆ పన్నెండు నిమిషాల ప్రయాణమే. నిలువునా కిందికి పడే రైడ్ల బొమ్మలే హోర్డింగుల మీదికి ఎక్కుతాయి, రైలు బొమ్మ ఎక్కదు. అయితే కుటుంబం మొత్తం కలిసి ఎక్కగలిగేది అదొక్కటే.

మూడింటికి మీటింగ్ మొదలైంది. రెండేళ్ల కిందట మేమంతా కూర్చుని మూడు విడతల పునరుద్ధరణ ప్రణాళిక తయారు చేశాం. మొదటి విడతలో రైళ్ల పట్టాలు, కరెంటు ప్యానెళ్లు, వేవ్ పూల్ ఫిల్టర్లలో ఇసుక మార్పిడి. రెండో విడతలో జెయింట్ వీల్ ప్రధాన బేరింగు, నీటి జారుడుబల్లలకు కొత్త జెల్‌కోట్ పైపూత. మూడో విడతలో చక్రాల కుర్చీలకు ర్యాంపులు, మరుగుదొడ్లు, చిన్నపిల్లల కోసం వేరే ఆవరణ. ఈ రోజు తేలినది ఏమిటంటే, అడిగినదానిలో మూడో వంతు కంటే తక్కువ మంజూరైంది. రెండో విడత వచ్చే ఏడాదికి పోయింది, మూడోది రద్దయింది. నీటి విభాగాన్ని ఇక శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ మాత్రమే తెరుస్తారు. ముఖద్వారానికి కొత్త ఆర్చి, దాని మీద రంగు దీపాలు మాత్రం అలాగే ఉన్నాయి, ఎందుకంటే జనం ఫోటోలు దిగేది అక్కడే. ఆర్చి వద్దని నేను అనను, ఇంటికి గుమ్మం అందంగా ఉండాల్సిందే. అయితే ఫిల్టరులోని ఇసుక అరిగిపోయి ముద్దకడితే నీళ్లు ఎంత క్లోరిన్ పోసినా తేటగా నిలవవు, ఆ నీళ్లలో దిగేది పిల్లలు. మొదటి రూపాయి అక్కడ పడాలన్నది నా మాట. చెప్పాను, మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆ తర్వాత నా లాగ్‌బుక్కు పేజీ ఫోటో తెర మీద కనిపించింది. “రైలుకు ఎలాగూ పగులు వచ్చిందని మీరే రాశారు కదా, పట్టాల కింది కర్ర స్లీపర్లు కూడా పాడయ్యాయి, తదుపరి ఆదేశాల వరకు దాన్ని మూసేద్దాం” అని ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఆర్థిక విభాగం అధికారి అన్నారు. బాగు చేస్తారని రాసిన వాక్యం మూసివేయడానికి కారణంగా మారింది. గుండెలో కలుక్కుమంది. అయినా ఆ వాక్యం రాసినందుకు నాకు విచారం లేదు. పగులు చూసి రాయని రోజు నేను ఆ ఉద్యోగానికి తగను. వయసులో ఉన్న మా ఫిట్టర్లు ఈ సంఘటన చూసి ‘రాస్తే మూసేస్తారు, కాబట్టి రాయవద్దు’ అనే పాఠం నేర్చుకుంటారేమో అన్నదే నా భయం. డబ్బు లేని పార్కుల్లో ప్రమాదం మొదలయ్యేది ఇనుములో కాదు, లాగ్‌బుక్కులో. మీటింగ్‌లో ఈ మాట కూడా చెప్పాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ అధికారి చెడ్డవారు కారు. ఆయన చూపించిన లెక్కలు అబద్ధాలూ కావు. ఏడాది మొత్తానికి మాకు అన్నం పెట్టేది ఏప్రిల్, మే నెలలు. ఈసారి మేలో అకాల వర్షాలు పడి ఆదివారాలు కూడా ఖాళీగా పోయాయి. ఈ వ్యాపారంలో ఒక దెబ్బ నుంచి తేరుకునేలోగా ఇంకొకటి తగులుతూనే ఉంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కు టికెట్ మీద పన్ను 28 శాతం పడింది. 2018 జనవరిలో దాన్ని 18 శాతానికి తగ్గించాక ఊపిరి పీల్చుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి 2020 మార్చి వచ్చింది.

ఆ మార్చి నేర్పిన సంగతి ఒకటి నేను మీటింగ్‌లో సరిగా చెప్పలేకపోయాను, ఇక్కడైనా రాసుకుంటాను. మూసిన యంత్రానికి ఖర్చు ఉండదనుకోవడం పొరపాటు. లాక్‌డౌన్‌లో జెయింట్ వీల్‌ను కదపకుండా ఒకే చోట నిలబెడితే బేరింగులోని రోలర్లు అంత బరువునూ ఒకే బిందువు మీద మోస్తాయి, గ్రీజు కిందికి జారిపోతుంది, రోలరు ఆనిన చోట తుప్పు గుంటలు పడతాయి. మళ్లీ తిప్పిన రోజు ఆ గుంటల మీదుగా రోలర్లు దొర్లుతూ బేరింగునంతా తినేస్తాయి. అందుకే పాసులు తీసుకుని వారానికి ఒకసారి నేనూ ఇద్దరు ఫిట్టర్లూ వచ్చి, ఖాళీ వీల్‌ను నెమ్మదిగా తిప్పి, వేరే చోట ఆపి వెళ్లేవాళ్లం. ఎక్కేవాళ్లు ఎవరూ లేని వీల్‌ను తిప్పుతూ నిలబడిన ఆ ఉదయాలు నేను మరచిపోలేను. రైలు కూడా అంతే. ఒక్క వానాకాలం టార్పాలిన్ కింద నిలిపితే ఇప్పుడు బాగున్న స్లీపర్లు కూడా చివికిపోతాయి. వచ్చే ఏడాది ‘ఇక బాగుచేయడం దండగ’ అని రాయడానికి అదే ఆధారమవుతుంది.

జపాన్‌లోని నారా డ్రీమ్‌ల్యాండ్ కథ మా వృత్తిలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోదగినది. డిస్నీల్యాండ్‌ను చూసి, దాదాపు దాని నమూనాలోనే 1961లో కట్టారు. 1983లో టోక్యో డిస్నీల్యాండ్, 2001లో దగ్గరలోని ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్ తెరుచుకున్నాక జనం తగ్గారు, 2006లో అది మూతపడింది. ఆ తర్వాత పదేళ్లపాటు కోస్టర్ పట్టాల మీద తీగలు పాకుతూ అలాగే నిలబడి, 2016లో కూల్చివేత మొదలైంది. మన హైదరాబాద్‌లోనూ 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చింది. మంచి పార్కు ఒకటి వస్తే నగరంలోని పిల్లలకు మేలే. ఆ పోటీకి పాత పార్కు చెప్పగలిగిన జవాబు ఒక్కటే, తన దగ్గర ఉన్నవి కొన్నే అయినా వాటిని గట్టిగా, శుభ్రంగా, నమ్మకంగా నడపడం. అన్నీ అరకొరగా నడిపేకంటే రెండు రైడ్లను నిజాయితీగా శాశ్వతంగా తీసేసి, ఆ డబ్బుతో మిగిలినవాటిని నిండుగా బాగుచేయడం మేలు. అలా తీసేయవలసినవి ఏవో నేను పేర్లతో సహా చెప్పగలను. వాటిలో రైలు మాత్రం లేదు.

చిన్నప్పుడు మాకు జెయింట్ వీల్ అంటే నుమాయిష్ ఒక్కటే. జనవరి ఒకటిన నాంపల్లి మైదానంలో మొదలయ్యేది, నాన్న చేయి పట్టుకుని వెళ్లేవాళ్లం. వృత్తిలోకి వచ్చాక తెలిసిన విషయం ఏమిటంటే, అక్కడ వీల్‌ను ప్రతి ఏడాదీ విప్పి మళ్లీ బిగిస్తారు కాబట్టి ఏడాదికి ఒకసారైనా ప్రతి బోల్టూ మనిషి చేతిలోకి వస్తుంది. మాలాంటి స్థిరమైన పార్కుల్లో బోల్టు ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకోవాలంటే షట్‌డౌన్ కావాలి, క్రేన్ కావాలి, అంటే బడ్జెట్ కావాలి. మరొక జ్ఞాపకం, పదేళ్ల వయసులో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లినప్పుడు చూసిన అప్పూ ఘర్. 1982 ఆసియా క్రీడల ఏనుగు బొమ్మ పేరే దానికి పెట్టి 1984లో తెరిచారు. 2008 ఫిబ్రవరిలో అది మూతపడిందని పేపర్లో చదివిన రోజు, దానికీ నాకూ ఏ సంబంధమూ లేకపోయినా, అన్నం సహించలేదు. అక్కడ పోయింది డబ్బు లేక కాదు, స్థలం వేరే అవసరానికి వెళ్లింది. అక్కడికి వచ్చిన పిల్లలకు ఆ తేడాతో పనేముంది?

ఐదున్నరకు మీటింగ్ నుంచి బయటికి వచ్చేసరికి రైలు నడిపే అన్న, ఆదేశం ఎవరు చెప్పారో గాని, ఇంజిన్ మీద నీలం టార్పాలిన్ కప్పుతున్నాడు. నాలుగు మూలలా తాడుతో కట్టి, పొగగొట్టం దగ్గర వాన నీళ్లు నిలవకుండా లోపల ఒక కర్ర నిలబెట్టాడు. పందొమ్మిదేళ్లుగా ఆ రైలును ఆయనే నడుపుతున్నాడు. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి రైలు ఆగితే ఈ నెలాఖరు తర్వాత ఆయన సంగతి ఏమిటో ఎవరూ చెప్పలేదు.

“ఇగ నడ్వదా సార్ మన రైలు?” అన్నాడు.

“నడుస్తుంది అన్నా. స్లీపర్లు ఎన్ని పోయాయో ముందు లెక్క కావాలి. రా, చూద్దాం” అన్నాను.

టార్చిలైటు, సుత్తి, ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని ఇద్దరం పట్టాల వెంట నడిచాం. సుత్తితో కొడితే గట్టి స్లీపరు ఠంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన ప్రతిదాని మీదా అన్న ఎర్రటి గుర్తు పెట్టాడు. వాన తగ్గింది. చెట్ల మీద నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. గంటన్నర పట్టింది. మొత్తం 214లో 61 మార్చాలి. అందరూ అనుకున్నట్టు పట్టాలన్నీ పీకి కొత్తగా వేయనక్కర్లేదు. మీటింగ్‌లో చూపించిన అంచనా మొత్తం మార్చడానికి వేసినది. ఇది అందులో మూడో వంతుకు కూడా రాదు, బిగించే పని మా వాళ్లమే చేసుకోగలం.

ఇంటికి వచ్చి భోజనం చేసి ఇప్పటిదాకా ఆ లెక్కనే కొత్త ప్రతిపాదనగా రాశాను, ఒక్క పేజీలో. రైలు ఎవరెవరు ఎక్కుతారో మొదటి వాక్యంలోనే పెట్టాను. ఆ తర్వాత పగులు, దాని మరమ్మతు, మళ్లీ డీపీ టెస్టు, ఆ తర్వాతే స్లీపర్లు. రేపు వెల్డర్‌తో మాట్లాడాలి, దారిలో సామిల్లు దగ్గర ఆగి కర్ర ధర అడగాలి. నల్లమద్ది దొరికితే మంచిది, దొరకకపోతే తుమ్మ అయినా సరిపోతుందని అన్న చెప్పాడు.