ఖండూరీ గురించి అన్నీ చెప్పాను, ఒక్క పేరు తప్ప

మెరిట్ లిస్టు మొన్న సాయంత్రం వచ్చింది. నాన్న నా రోల్ నంబరు మూడుసార్లు చెప్పించుకుని, తానే వెతుక్కుంటానని పట్టుబట్టాడు. వెతికాడు, దొరికింది. వచ్చే కోర్సుకు చెన్నై పరంగిమలైలో సైన్యానికి అధికారులను తయారుచేసే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో చేరుతున్నాను.

ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో నాతో పాటు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘అక్కా, ఎలా చదివావో రాయి’ అంటున్నారు. సైన్యంలో అధికారులుగా చేరడానికి రాసే సీడీఎస్ రాత పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఓటీఏకి లెక్కల పేపరు ఉండదు. ఇంగ్లిష్, జీకే రెండే. తప్పు రాస్తే మూడో వంతు పోతుంది కాబట్టి తెలియనివి వదిలేశాను. పదేళ్ల పాత పేపర్లు రెండుసార్లు చేశాను. నేను రాయాలనుకున్నది వేరు. రాత పరీక్ష తర్వాత ఐదు రోజులు జరిగే ఎంపిక, అదే ఎస్ఎస్‌బీ, అందులో కిందటిసారి బెంగళూరులో ఎలా పడిపోయానన్నది.

మాది ఒంగోలు. నాన్న లారీ డ్రైవరు. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు చెన్నై హార్బరుకు తోలేవాడు. నాకు ఊహ తెలిసేసరికే ఇంట్లో ‘వాజ్‌పేయి రోడ్డు’ అనే మాట ఉంది. పెద్దయ్యాక చదివితే తెలిసింది, ఆ రోడ్డు నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజిలో భాగమని, దాని పని జోరుగా సాగిన రోజుల్లో రోడ్ల శాఖ చూసింది సైన్యం నుంచి వచ్చిన మేజర్ జనరల్ భువన్ చంద్ర ఖండూరీ అని. అప్పటి నుంచి ఆయన మీద ఇష్టం. ఎస్ఎస్‌బీలో మన వివరాలు నింపి ఇచ్చే ఫారం పీఐక్యూలో అభిరుచుల దగ్గర ‘నాయకుల జీవితాలు చదవడం’ అని రాశాను. అలా రాస్తే ఏమి అడుగుతారో మీకు తెలుసు.

ఇంటర్వ్యూలో అధికారి అడిగారు. సైన్యం నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన ఒకరి గురించి చెప్పమన్నారు. నేను రైలులా బయలుదేరాను. 1934లో డెహ్రాడూన్‌లో పుట్టుక. 1954 నుంచి 1990 వరకు ఇంజినీర్స్ కోర్. 1991లో గఢ్వాల్ నుంచి లోక్‌సభ. 2000 నవంబరు నుంచి రోడ్డు రవాణా శాఖ. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు, డీజిలు మీద రూపాయి సెస్సు. ఇంజినీరు సైనికుడు మంత్రి అయితే రోడ్డు ఇలా ఉంటుందని ముగించాను. బాగా చెప్పానని నాకే అనిపించింది.

ఆ అధికారి మెల్లగా అడిగారు, అదే రోడ్డు పనిలో అవకతవకలు జరుగుతున్నాయని ప్రధానికి ఉత్తరం రాసిన ఇంజినీరు ఎవరు, అతనికి ఏమైంది అని.

నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే బాగుండేది. అలాంటి ఫిర్యాదులేవీ ఆ ప్రాజెక్టులో రాలేదని, సైనిక క్రమశిక్షణతో నడిచిందని గట్టిగా చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. వెంటనే ఒంగోలు గిత్తల గురించి అడిగారు. గిత్తల గురించి మాత్రం చాలా చక్కగా చెప్పాను.

ఐదో రోజు కాన్ఫరెన్స్ తర్వాత చదివిన చెస్ట్ నంబర్లలో నాది లేదు. ఆ రాత్రే ఒంగోలు బస్సెక్కి ఫోనులో వెతికాను. సత్యేంద్ర దూబే. ఐఐటీ కాన్పూరులో చదివి, జార్ఖండ్‌లోని కోడర్మాలో జాతీయ రహదారుల సంస్థ తరఫున పనిచేసిన ఇంజినీరు. 2002లో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా శాఖల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. దోపిడీ కోసమే జరిగిందని సీబీఐ తేల్చింది, 2010లో ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ చావు రేపిన గొడవ వల్లే 2004లో గుట్టు బయటపెట్టేవారి రక్షణకు కేంద్రం ఉత్తర్వులు తెచ్చింది. నాయుడుపేట దాటి బస్సు ఆ చతుర్భుజి మీదికే ఎక్కింది. నిద్ర పట్టలేదు.

అప్పటిదాకా నేను చదివినవన్నీ ఎవరో తయారు చేసిన నోట్సు. పుట్టిన తేదీ, పదవులు, పతకాలు. ఓడిపోయినవి అందులో ఉండవు. ఖండూరీ గురించే మళ్లీ మొదలుపెట్టాను. 1996లో ఓడిపోయాడు. 2007లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యాడు. 2009లో రాష్ట్రంలోని ఐదు లోక్‌సభ సీట్లూ ఆయన పార్టీ బీజేపీ పోగొట్టుకోవడంతో రాజీనామా చేశాడు. 2011లో మళ్లీ పిలిచారు. కొద్ది నెలల్లోనే లోకాయుక్త బిల్లు పెట్టి నెగ్గించాడు. 2012 ఎన్నికల్లో ‘ఖండూరీ హై జరూరీ’ (ఖండూరీ కావాల్సిందే) అని ఊరూరా నినాదం. తీరా చూస్తే ఆయనే కోట్‌ద్వార్‌లో ఓడిపోయాడు. డెబ్బై సీట్లలో పార్టీకి 31, కాంగ్రెస్‌కు 32. ఆ ఒక్క సీటు ఆయనదే కావచ్చు అనుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

క్రమశిక్షణ మనిషి అని ఆయనకు పేరు. సొంత ఎమ్మెల్యేలకు ఆయన దూరమైంది కూడా ఆ పట్టుదల వల్లేనని అప్పటి పత్రికలు రాశాయి. సిపాయిలకు ఆజ్ఞ చాలు, ఎమ్మెల్యేలకు చాలదు. అయినా క్రమశిక్షణ వద్దని నేను అనను. నాలుగున్నరకు లేవలేనివాళ్లు, రోజుకు మూడు గంటలు ఫోనులో వీడియోలు చూసేవాళ్లు ‘మాకు అదృష్టం లేదు’ అంటుంటే ఒళ్లు మండుతుంది. నేను ఉద్యోగం చేస్తూనే చదివాను. రాత్రి షిఫ్టు దిగి పరుగుకు వెళ్లిన రోజులున్నాయి. మొదటిసారి ఓడిపోయింది కష్టపడక కాదు, అది మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి.

రెండోసారీ బెంగళూరే. రిపీటర్లకు ప్రయాణ ఖర్చులు ఇవ్వరు, కాబట్టి ఆటో డబ్బులు నావే. బొమ్మ చూసి కథ రాసే టీఏటీ, మాట చూసి వాక్యం రాసే డబ్ల్యూఏటీ, మైదానంలో చేయించే జీటీఓ పనులు అన్నీ మామూలుగా గడిచాయి. కమాండ్ టాస్కులో పలక జారి గీత దాటింది, అయినా ఫరవాలేదు.

ఇంటర్వ్యూలో కొత్త అధికారి. పీఐక్యూలో పాత ప్రయత్నం చూసి ఎక్కడ తప్పు జరిగిందని అడిగారు. దూబే సంగతి, నేను కల్పించి చెప్పిన అబద్ధం దాచకుండా చెప్పాను. అలా చెప్పకూడదని మా కోచింగ్‌లో చెబుతారు. చెప్పాలనే నేనంటాను. అయితే సైనికుడు రాజకీయాల్లోకి వెళ్లడం మంచిదేనా అన్నారు. యూనిఫాంలో ఉన్నంతకాలం ఆర్మీ చట్టం ఒప్పుకోదని, రిటైరయ్యాక మాత్రం ఇంతకాలం ఆగాలని చట్టంలో లేదని మొదలుపెట్టాను. ఈసారి అక్కడ ఆగలేదు. 2018లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి ఖండూరీయే అధ్యక్షుడు. సైన్యం దగ్గరున్న పరికరాల్లో 68 శాతం పాతకాలానివని ఆ సంఘం నివేదిక బయటపెట్టింది. అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడి కుర్చీలోకి మరొకరు వచ్చారు. రాజకీయాల్లోకి వెళ్లిన సైనికుడు ఈ పని చేస్తే చాలు అనిపిస్తుంది సార్ అన్నాను. ఒక నిమిషం మాట్లాడలేదాయన. తర్వాత నాన్న లారీ గురించి చాలాసేపు అడిగారు.

రికమెండ్ అయ్యాను. మెడికల్లో పన్ను ఒకటి సరిచేయించుకోమన్నారు, చేయించుకున్నాను.

ఇది నాన్నకు చదివి వినిపించాను. ఖండూరీ 2004లో దిగిపోయేనాటికి రోడ్డంతా పూర్తి కాలేదు, మొత్తం అయిందని ప్రకటించింది 2012లో. అది రాయలేదేమని అడిగాడు. రాశాను. కట్టినన్నాళ్లూ డైవర్షన్లలో గ్రానైటు లోడుతో ఎన్ని టైర్లు పోయాయో కూడా రాయమన్నాడు. పదకొండట.