పాస్‌బుక్ దొరకలేదని ప్యాచ్ పంపాను

నిన్న రాత్రి పదకొండింటికి నా పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయింది, అంటే ఒక యాప్ కోడ్‌లో నేను చేసి పంపిన మార్పుని వాళ్లు కలిపేసుకున్నారు. మెయిల్ చూసి ఇంట్లో అందర్నీ నిద్రలేపాను. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

మేం వాడే నోట్స్ యాప్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపొచ్చు. పొలం వివరాలన్నీ నాన్న ఊళ్లో ఫోన్‌లో రాస్తే నాకు లాప్‌టాప్‌లో కనిపిస్తాయి. ఓ రోజు "పాస్బుక్" అని వెతికితే ఏమీ రాలేదు. నోట్ పోయిందేమోనని గంటసేపు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే నాన్న రాసింది "పాస్‌బుక్". ఆయన కీబోర్డు "స్" తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 8204వ నంబరు. అది ఉంటే పొల్లు అలాగే ఉండి "బు" పక్కన వస్తుంది, లేకపోతే "స" కింద ఒత్తు పడుతుంది. మనకి రెండూ ఒకే మాట. యాప్‌కి మాత్రం వేర్వేరు.

ఫోర్క్, క్లోన్, బిల్డ్, అంటే కోడ్ కాపీ తెచ్చుకుని నా దగ్గరే యాప్ తయారుచేసుకోవడం, అన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. మార్పు కూడా మూడు లైన్లే. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని పక్కనపెట్టి పోల్చాలి, అంతే. కమిట్‌లో (మార్పు నమోదులో) సైన్డ్ ఆఫ్ బై లైన్, అంటే ఈ కోడ్ పంపే హక్కు నాకుందని నా పేరుతో చెప్పే లైన్, లేదని ప్రాజెక్టులోని ఆటోమేటిక్ బాట్ ఆపితే, ఆ లైన్ చేర్చే మైనస్ ఎస్ ఆప్షన్ పెట్టి మళ్లీ పంపాను.

అసలు బాధంతా రివ్యూలో. నాలుగో రోజున ఆ యాప్ కోడ్ బాధ్యత చూసే మెయింటైనర్ ఒకే వాక్యం రాసి రిక్వెస్ట్ మూసేశాడు. అది చెత్త అక్షరమట, నా డేటా నేనే శుభ్రం చేసుకోవాలట! పదకొండేళ్లుగా కోడ్ రాస్తున్నాను, అందరి ముందూ అలా అనేసరికి తల కొట్టేసినట్టయింది. మా నాన్న సరిగ్గా రాసిన తెలుగు అతనికి చెత్తా? కోపంగా పెద్ద జవాబు టైప్ చేసి, పొద్దున్నే చెరిపేశాను. రెండు మాటల్నీ పెద్దక్షరాల్లో పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ పంపాను. యూనికోడ్ పోలిక నియమాలు కూడా మామూలుగా దీన్ని లెక్కలోకి తీసుకోవని చూపించాను.

మళ్లీ తెరిచాడు గానీ, సేవ్ చేసేటప్పుడే తీసేద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే నాన్న రాసిన మాట రూపమే మారిపోతుంది. రాసింది రాసినట్టే ఉండాలి, సర్దుకోవాల్సింది సెర్చ్. పన్నెండు రోజులు ఇదే వాదన. చివరికి పర్షియన్ మాట్లాడే ఒకాయన వచ్చి, తమ భాషలో ఈ అక్షరం రోజూ వాడతామని, తనకీ ఇదే ఇబ్బందని చెప్పాక గాని మెయింటైనర్ దిగిరాలేదు. ఆ పర్షియన్ ఆయనకి ఎంత రుణపడ్డానో!

మీరూ ఇలాంటి మార్పు పంపేట్టయితే టెస్టుల్లో, అంటే మార్పు పనిచేస్తోందో లేదో చూసే కోడ్‌లో, తెలుగు మాటలే పెట్టండి. ఎడిటర్‌లో కోడ్‌ని తనంతట తానే సర్దేసే ఆటో ఫార్మాటింగ్ ఆపేయండి, లేకపోతే మూడు లైన్ల మార్పు మూడొందల లైన్లుగా కనిపిస్తుంది. "ఇంగ్లిష్‌లో రాసుకోవచ్చుగా" అనే స్నేహితులతో వాదన పెట్టుకోకండి.

పొద్దున నాన్నకి ఫోన్ చేసి, ఆ ప్రాజెక్టు టెస్టుల్లో ఇక మన "పాస్‌బుక్" కూడా ఉంటుందని చెప్పాను. "నంబరు కూడా పెట్టేశావా ఏంట్రా?" అని కంగారుపడ్డారు.

"లేదు నాన్నా, మాట ఒక్కటే" అన్నాను.