టవర్ లేని చోట సర్క్యూట్‌లోకి చేరడం

మా మేనల్లుడు వచ్చే నెల పైలట్ శిక్షణ కోసం అమెరికా వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం తిరుపతిలో మా మిద్దె మీద కూర్చుని, రేణిగుంట వైపు దిగుతున్న విమానాన్ని చూస్తూ, "టవర్ లేకపోతే మనల్ని దిగమని ఎవురు చెప్తారు మామా?" అని అడిగాడు. అమెరికాలో ప్రజల వాడుకకు తెరిచి ఉన్న సుమారు 5,000 విమానాశ్రయాలలో విమానాలకు రేడియోలో ఆదేశాలిచ్చే కంట్రోల్ టవర్ ఉన్నవి దాదాపు 500 మాత్రమే. తక్కిన చోట్ల దిగమని చెప్పేవారు ఎవరూ ఉండరు. నేను శిక్షణ పొందినది అలాంటి చోటనే కాబట్టి, అక్క దగ్గర ముగ్గుపిండి అడిగి తెచ్చి, నేల మీద రన్‌వే గీసి చెప్పడం మొదలుపెట్టాను.

దిగే ముందు విమానాలు రన్‌వే పక్కన తిరిగే దారిని మనం సర్క్యూట్ అంటాం, అక్కడ ట్రాఫిక్ ప్యాటర్న్ అంటారు. అది రన్‌వేను ఒక భుజంగా చేసుకున్న దీర్ఘచతురస్రం. వేరుగా సూచించని చోట మలుపులన్నీ ఎడమకే తిరగాలి. చిన్న విమానాలు సాధారణంగా నేల నుంచి 1,000 అడుగుల ఎత్తున తిరుగుతాయి. తిరుమలకు రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కే బండ్లు, దిగే బండ్లు వేరైనట్టే, ఇక్కడ కూడా అందరూ ఒకే వైపు తిరుగుతారన్న నమ్మకమే ఆధారం.

పడమర ముఖంగా దిగే రన్‌వే 27 గీశాను. ఎడమ మలుపులైతే డౌన్‌విండ్, అంటే రన్‌వేకు సమాంతరంగా ఎదురు దిశలో సాగే భాగం, దక్షిణాన ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చేవారు ముందే 1,000 అడుగులకు దిగి, వేగం తగ్గించుకుని, ఈశాన్య ముఖంగా 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్ నడిమికి చేరాలి. ఆ కోణంలో వస్తే డౌన్‌విండ్‌లో ఉన్న విమానాలు మన కిటికీలోంచి స్పష్టంగా కనబడతాయి, మనమూ వారికి కనబడతాం. ఉత్తరం నుంచి వచ్చేవారు సర్క్యూట్ ఎత్తుకు కనీసం 500 అడుగుల పైన రన్‌వే నడిమి మీదుగా దాటి, సర్క్యూట్‌ను పూర్తిగా వదిలి రెండు మైళ్లు దూరం పోయాక మాత్రమే కిందికి దిగి, కుడికి తిరిగి అదే 45 డిగ్రీల దారిలో కలవాలి. జెట్ విమానాలు 1,500 అడుగుల సర్క్యూట్‌లో తిరుగుతాయి కనుక, అవి వచ్చే చోట ఇంకా పైనుంచి దాటడం మేలని నా అభిప్రాయం.

సర్క్యూట్‌లోకి పైనుంచి దిగుతూ రాకూడదన్న మాటను నేను వాడి చేత మూడుసార్లు చెప్పించాను, ఎందుకంటే శిక్షణ రోజుల్లో ఒక చిన్న విమానాశ్రయంలో నేను ఆ తప్పు చేశాను. రేడియోలో ఎవరూ పలకలేదు కాబట్టి ఎవరూ లేరనుకుని, నేరుగా డౌన్‌విండ్ మీదికి దిగాను. నా విమానానికి రెక్కలు కింద ఉండేవి. సరిగ్గా నా కింద రెక్కలు పైనున్న పాత విమానం ఒకటి, రేడియో లేకుండా, వెళ్తూ ఉంది. నా రెక్క దానిని నాకు దాచింది, దాని రెక్క నన్ను ఆ పైలట్‌కు దాచింది. అది బేస్‌కు, అంటే డౌన్‌విండ్ నుంచి రన్‌వే దారి వైపు సాగే అడ్డు భాగానికి, తిరిగినప్పుడు రెక్క మీద ఎండ మెరిసింది కాబట్టి చూశాను. టవర్ లేని చాలా చోట్ల రేడియో తప్పనిసరి కాదు కనుక, అతనిది ఏ తప్పూ లేదు.

రేడియో ఉన్నంత మాత్రాన కూడా చాలదు. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలో టవర్ లేని వాట్సన్‌విల్‌లో, సర్క్యూట్‌లో ఉన్న సెస్నా 152 అనే చిన్న విమానాన్ని, దూరం నుంచి నేరుగా ఫైనల్‌లోకి, అంటే రన్‌వేకు సూటిగా దిగే చివరి భాగంలోకి, అతివేగంగా వచ్చిన సెస్నా 340 అనే మరో విమానం ఢీకొని ముగ్గురు చనిపోయారు. ఇద్దరు పైలట్లూ రేడియోలో తమ స్థానం చెబుతూనే ఉన్నారు.

అయినా మాట స్పష్టంగా ఉండాలి. పది మైళ్ల దూరం నుంచే వినడం, చెప్పడం మొదలుపెట్టాలి. ఒకే ఫ్రీక్వెన్సీని అనేక ఊళ్లు పంచుకుంటాయి కాబట్టి ఊరి పేరు మొదటా చివరా పలకాలి. పలమనేరులో రన్‌వే ఉందనుకుని, "పలమనేరు ట్రాఫిక్, సెస్నా, టెన్ మైల్స్ సౌత్‌వెస్ట్, ఇన్‌బౌండ్ ఫర్ లాండింగ్, పలమనేరు" అని వాడి చేత అనిపించాను. "చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడగవద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రత్యేకంగా చెప్పింది. అందరూ ఒకేసారి బదులిస్తే ఎవరి మాటా వినబడదు. దిగడానికి వస్తున్నవాటిలో తక్కువ ఎత్తున ఉన్న విమానానికి ముందు దిగే హక్కు ఉన్నా, ఆ హక్కు చూపి ఫైనల్‌లో ఉన్నవారి ముందు దూరకూడదని నియమంలోనే ఉంది.

ఉత్తరం నుంచి రావడం వాడు రెండుసార్లు తప్పు గీసి, మూడోసారి కుడి మలుపు సరిగ్గా తిప్పాడు. రేపు గాలి దిశ మార్చి, తూర్పు ముఖంగా దిగే రన్‌వే 09 ఇస్తాను. అప్పుడు డౌన్‌విండ్ ఉత్తరానికి మారుతుంది, వాడు గీతలన్నీ మొదటి నుంచి వేయాలి. ముగ్గుపిండి ఇంకో డబ్బా ఉంచమని అక్కకు చెప్పాను.